గంట కొట్టేసరికి సగం పేజీ

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. భర్తకు బట్టల దుకాణం ఉంది, ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగూ ఒడియా, బడిలో ఒడియా. పెద్దవాడికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. చిన్నమ్మాయి మూడో తరగతి.

ఐదో తరగతి వరకు పిల్లవాడి మీద ఒక్క ఫిర్యాదూ రాలేదట. ఆరో తరగతికి ప్రభుత్వ హైస్కూలుకి మారాక అంతా తారుమారైంది. బోర్డు మీది పాఠం సగం రాసేసరికి గంట కొడతారు. ఆ సగం పేజీ అలాగే ఉండిపోతుంది. హోంవర్కు ఏమిచ్చారో రాసుకోడు. లెక్కల పీరియడ్‌కి చరిత్ర పుస్తకం తీసి కూర్చుంటాడు. మధ్యాహ్న భోజనానికి వరసలో చివర చేరి, సగం తినేసరికి మళ్ళీ గంట. గుడ్డు ఉన్న రోజు మాత్రం ముందే వెళ్తాడట. అర్ధ సంవత్సరం పరీక్షల్లో రాసిన జవాబులకి మంచి మార్కులే వచ్చాయి, రాయకుండా వదిలేసినవే ఎక్కువ. క్లాసు గురుమా (ఒడియాలో టీచరమ్మని అలా అంటారు) "మీవాడు బాగా నెమ్మది" అన్నారు. తండ్రి ఇంకో మెట్టు ఎక్కి సోమరి అన్నారు. ఈమె అట్ట మీద ఇరవై రెండు వరసల దినచర్య రాసి గోడకి తగిలించారు. నాలుగో రోజు పిల్లవాడు దాన్ని చింపేశాడు. పొద్దున్నే ఉచితంగా ట్యూషన్ చెప్పే బావగారు "ఆరింటికి కాదు, ఇక నుంచి అయిదున్నరకి పంపండి" అంటున్నారు. ఈమె తల్లి "పాతపట్నంలో తమ్ముడి దగ్గర ఉంచి తెలుగు గడ్డ మీద చదివించు" అంటున్నారు. ఉత్తరం చివర ఈమె అడిగింది ఒక్కటే: "వాడికి టైము విలువ తెలియడం లేదు. ఎలా నేర్పాలో చెప్పండి."

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేనూ మీ అబ్బాయి వైపే చూశాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మీరు వాడి రోజంతా గంటలతో సహా రాశారు కదా, దాన్నంతా ఒక పక్కన కూడి చూశాను. అయిదింటికి లేవడం. ఆరు నుంచి ఎనిమిది వరకు పెదనాన్న దగ్గర. పది నుంచి నాలుగు వరకు బడి. అయిదు నుంచి ఏడు వరకు లెక్కలకీ ఇంగ్లీషుకీ ఇంకో ట్యూషన్. ఏడున్నర నుంచి పది వరకు ఇంట్లో రాత. పదిన్నరకి పడక. చదువు పేరు మీద పన్నెండున్నర గంటలు, నిద్ర ఆరున్నర గంటలు.

ఇప్పుడు పక్కన పెట్టి చూడవలసిన లెక్కలు మూడున్నాయి. 2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంది. భాగిస్తే రోజుకి నాలుగున్నర గంటల పాఠం. 2020లో కేంద్రం తెచ్చిన బడి సంచి విధానం ఈ తరగతులకి హోంవర్కు రోజుకి గంట మించవద్దంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. తక్కువలో తక్కువ వేసుకున్నా మీవాడికి రోజూ రెండున్నర గంటల నిద్ర బాకీ. వారం తిరిగేసరికి పదిహేడు గంటలు దాటుతుంది. నేనైతే ఈ బాకీతో మధ్యాహ్నం మూడింటికి లెక్కల పుస్తకానికీ చరిత్ర పుస్తకానికీ తేడా పోల్చలేను. మీవాడు పుస్తకం తీస్తున్నాడు, అది తప్పు పుస్తకమైనా.

ఇక గుడ్డు సంగతి. గుడ్డు ఉన్న రోజు వరసలో ముందుంటాడని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకు అది ఉత్తరం మొత్తంలో అతి మంచి వార్త. ఆ రోజున వాడు గంట ఎప్పుడు కొడతారో ముందే కనిపెడుతున్నాడు, పుస్తకం మూస్తున్నాడు, లేస్తున్నాడు, చేతులు కడుక్కుని వరసలో చేరుతున్నాడు. టైము విలువ తెలియని పిల్లవాడు చేసే పనులు కావివి. కాబట్టి మీ ప్రశ్నని కాస్త మార్చుకుందాం: మిగతా పీరియడ్లలో వాడి నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి?

నా అనుమానం మొదట భాష మీద. నేను ముప్పై ఏళ్ళు సరిహద్దు బడుల్లోనే పాఠాలు చెప్పాను. తెలుగు ఇంటి పిల్లలు ఒడియా గడగడా మాట్లాడతారు, దాంతో మనం మోసపోతాం. మాట్లాడే ఒడియా వేరు, సైన్సు పుస్తకంలో ఒడియా వేరు. నోరు తిరిగిన పిల్లవాడికి కన్ను తిరగడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. పైగా ఒడియా అక్షరాలకి దాదాపు అన్నిటికీ నెత్తిన ఒకే గొడుగు వంపు. తేడా అంతా కింద, పొట్టలో ఉంటుంది. అలవాటైన కన్ను మాటని మాటగా పట్టుకుంటుంది. అలవాటు లేని కన్ను అక్షరం అక్షరం పట్టుకుని తల ఎత్తుతుంది, దించుతుంది. ఒక్క వరస రాయడానికి పక్కవాడు నాలుగుసార్లు తల ఎత్తితే మీవాడు పదిహేనుసార్లు ఎత్తుతున్నాడేమో. పాఠం సగంలో గంట కొట్టడానికి ఇది చాలు. ఈ మాట మీ ఊరి వాళ్ళకి కొత్త కాకూడదు. మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవర గిరిజనుల పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని, బడులు పెట్టి, వాచకాలు రాశారు. పరాయి భాషలో తడబడే పిల్లవాణ్ణి మందమతి అనుకోవడం ఆయన నాటికీ ఉంది, మన నాటికీ ఉంది.

ఇది నిజమో కాదో తేల్చడానికి ఒక ఆదివారం సరిపోతుంది. వాడికి తెలుగు అక్షరాలు మీరే నేర్పారని రాశారు. ముందు పక్కన పెట్టుకున్న తెలుగు పుస్తకంలోంచి ఆరు వరసలు రాయించండి. తరవాత పక్కన పెట్టుకున్న ఒడియా పుస్తకంలోంచి ఆరు వరసలు. చివరికి ఒడియా వరసలే ఒక అట్ట మీద లావుగా రాసి, పది పన్నెండు అడుగుల దూరాన గోడకి ఆనించి చూసి రాయమనండి. మూడింటికీ ఎంతసేపు పట్టిందో మీరు మనసులో పెట్టుకోండి, వాడితో పందెం వేయకండి. తెలుగు చకచకా సాగి ఒడియా ఈడ్చితే అది భాష. దగ్గరి ఒడియా బాగానే సాగి గోడ మీదిది ఈడ్చితే కంటి పరీక్ష చేయించండి, అంతకంటే ముందు ఏమీ వద్దు. కళ్ళద్దాలతో తీరిపోయే దానికి ఏడాది తిట్లు తిన్న పిల్లల్ని నేను చూశాను. మూడూ ఒకేలా ఈడ్చితే అది వేరే దారి, దాని గురించి తరవాత చెప్తాను.

భాషే అయితే మందు కూడా చిన్నదే. మాటని పట్టుకుని రాయడం నేర్పాలి. పుస్తకంలో రెండు మూడు మాటలు చదవడం, పెదాల్లో ఒకసారి అనుకోవడం, తల దించి ఆ మూడు మాటలూ రాసి కానీ మళ్ళీ తల ఎత్తకపోవడం. మొదట్లో తప్పులు పడతాయి. పడనివ్వండి. రోజుకి పది నిమిషాలు చాలు, మీరు మిషను దగ్గర కూర్చున్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చేయించవచ్చు. ఫలితం కనబడటానికి నెలో రెండు నెలలో పడుతుంది.

రెండో చోటు నాకు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. ఐదు వరకు వాడు చదివింది ఒకే గురుమా రోజంతా ఉండే బడి. అక్కడ పుస్తకం ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో ఆవిడే చెప్పేది. అందరి తరఫునా టైము ఆవిడ మోసింది. ఆరులో ఆ బరువు ఒక్క రోజులో పిల్లల నెత్తిన పడింది. ఏడు పీరియడ్లు, అయిదుగురు ఉపాధ్యాయులు, పీరియడ్ పీరియడ్‌కీ ఒక గంట మోత. ఒక సార్ వెళ్ళి ఇంకో సార్ వచ్చే ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలో ఎవరూ నేర్పరు, ఎందుకంటే అది ఎవరి పీరియడూ కాదు. పిల్లలు గోల చేసే రెండు నిమిషాలుగానే మనకి తెలుసు.

బడి రోజులో పిల్లవాడి చేతిలో ఉండేది నిజానికి ఆ కాస్తే. పది నుంచి నాలుగు వరకు మిగతా టైమంతా బడిది. వాడికి నేర్పితే ఆ గంటకీ గంటకీ నడిమి సందు నేర్పాలి. నేను పిల్లలకి మూడు మాటలు చెప్పేవాణ్ణి: మూయి, తియ్యి, చూడు. అయిపోయిన పుస్తకం మూసి సంచిలో పెట్టు. తరవాతి పుస్తకం తీసి బల్ల మీద పెట్టు. రుటీను, అంటే టైంటేబుల్, చూసి సరైనదేనా అని సరిచూసుకో. రుటీను అట్టని బడి వాళ్ళు గోడకి పెడతారు, వాడి బెంచీ నుంచి అది కనబడదు. పోస్టుకార్డంత కాగితం మీద రాసి లెక్కల పుస్తకం అట్ట లోపల అంటించండి. వాడి చేతే రాయించండి, వాడికి నచ్చిన భాషలో. ఇంట్లో భోజనాల దగ్గర మీరు గ్లాసు మీద గరిటెతో కొట్టి "మూడో గంట!" అంటే వాడు మూసి, తీసి, చూడాలి. చెల్లెలు కూడా ఆడుతుంది. నాలుగు రోజులు నవ్వులాటగా ఉంటుంది, అయిదో రోజుకి చేతులు వాటంతట అవే కదులుతాయి.

మీ ఇరవై రెండు వరసల అట్ట ఎందుకు చిరిగిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందులో ప్రతి వరసా గడియారంతో మొదలైంది: 4.10కి కాళ్ళు కడుక్కోవడం, 4.20కి పాలు. మీ లైను మీద చిన్న రైలు నడిచిన రోజులు మీ అత్తగారికి గుర్తుండే ఉంటాయి. 2011లో పెద్ద లైను పూర్తయి ఇప్పుడు గుణుపురం వరకు పెద్ద బండ్లు వెళ్తున్నాయి కానీ, ఆ చిన్న బండి కాలంలో లైను పక్క ఊళ్ళలో చాలా ఇళ్ళలో గడియారం ఉండేది కాదు. "బండి వచ్చేలోపు పొయ్యి అంటించాలి" అనేవాళ్ళు. ఒక పని తోకకి ఇంకో పని ముడి వేసేవాళ్ళు. పదకొండేళ్ళ పిల్లవాడికి ఆ పద్ధతే ఎక్కుతుంది. చెప్పులు విప్పగానే సంచిలోంచి చిట్టీ పుస్తకం తీసి మీ మిషను మీద పెట్టాలి. రాత్రి అన్నం తిన్న కంచం కడగ్గానే రేపటి సంచి సర్దాలి. రెండు ముడులు చాలు. మూడోది వేయాలని మీకు చేయి దురద పెడుతుంది, ఆగండి.

చిట్టీ పుస్తకం అన్నాను. హోంవర్కుకి డైరీలూ కాలమ్‌లూ వద్దు. జేబులో పట్టే చిన్న పుస్తకం, పక్కనే పెన్సిల్ ముక్క. "లెక్కలు 3, 5" అని రాస్తే అయిపోయింది. అసలు చిక్కు ఏమిటంటే చాలామంది ఉపాధ్యాయులు హోంవర్కుని గంట కొట్టాక, తలుపు దాటుతూ చెప్తారు. నేనూ చెప్పాను, ఒప్పుకుంటున్నాను. నెమ్మదిగా రాసే పిల్లలకి అది ఎప్పటికీ అందదు. గురుమాని ఒకసారి కలవండి. వెళ్ళి "మీరు ఇలా చేస్తున్నారు" అంటే ఆ తలుపు మూసుకుపోతుంది. "మావాడు బోర్డు చూసి రాయడంలో వెనకబడుతున్నాడు, మేము ఇంట్లో నేర్పుతున్నాం, ఒక్క నెల ముందు బెంచీలో కూర్చోబెడతారా? హోంవర్కు పీరియడ్ మొదట్లో ఒక మూల రాసి పెడితే రాసుకుంటాడు" అనండి. ఒక్క టీచరు ఒప్పుకున్నా మేలే. ఎవరూ ఒప్పుకోకపోతే సాయంత్రం అయిదు నిమిషాలు వీధిలోని తోటి పిల్లవాడి పుస్తకం చూసుకోవడమే దారి. ఆ పని మీరు ఫోనులో చేసిపెట్టకండి, వాణ్ణే నడిచి వెళ్ళనివ్వండి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో తప్పించుకుంటూ రాసిన విషయానికి వస్తాను. బావగారు.

ఉచితంగా చెప్తున్నారు, పెద్దవారు, వద్దంటే ఇంట్లో మాట పుడుతుంది. మీ భయం నాకు అర్థమైంది. కానీ అయిదున్నరకి పంపడమంటే ఇప్పటికే లేని నిద్రలో ఇంకో అరగంట కోయడం. అది మాత్రం ఏ దారిలోనూ కుదరదు. మిగిలినవి చూద్దాం.

పొద్దుటి ట్యూషన్ పూర్తిగా మానిపిస్తే వాడు ఏడింటి వరకు పడుకోవచ్చు. పొద్దున రెండు గంటలు మిగులుతాయి, అంటే చాలావరకు నిద్ర బాకీ తీరుతుంది. నష్టం: ఒకటి రెండు పరీక్షల్లో మార్కులు తగ్గవచ్చు, అప్పుడు ఇంట్లో అందరి వేలూ మీ వైపే తిరుగుతుంది. దానికి మీరు సిద్ధంగా ఉండాలి. ఈ మాట బావగారితో చెప్పవలసింది మీరు కాదు, మీ ఆయన. అన్నదమ్ముల మధ్య ఒక పూట అలకతో పోయేది తమ్ముడి భార్య నోట వస్తే ఏడాది నిలుస్తుంది.

సాయంత్రం ట్యూషన్ మానిపిస్తే ఇంట్లో గొడవ తక్కువ, డబ్బూ మిగులుతుంది. వాడు అయిదు నుంచి ఏడు వరకు ఆడుకుని, వెలుతురు ఉండగానే రాసుకుని, తొమ్మిదికి పడుకోగలడు. అయినా అయిదింటికి లేస్తే ఎనిమిది గంటల నిద్రే. అర దారి ఇది. లెక్కల్లో నిజంగా వెనకబడి ఉంటే ఆ లోటూ కనిపిస్తుంది.

నాకు నచ్చేది మూడోది, కానీ దానికి బావగారి మనసు పెద్దదై ఉండాలి. ఆయన్ని మానమనకుండా పని మార్చమని అడగడం. "పొద్దున వద్దు, రాత్రి ఏడున్నరకి మీ ఇంటికి పంపుతాం, అరగంట వాడి చేత ఒడియా పైకి చదివించండి, మీ ఒడియా అంత బాగా మా ఇద్దరికీ రాదు" అని మీ ఆయన అనాలి. అది ముఖస్తుతి కాదు, వాడికి కావలసింది సరిగ్గా అదే. పదకొండేళ్ళ పిల్లవాడు పాఠం పైకి చదువుతుంటే వినే పెద్దవాళ్ళు ఇళ్ళలో లేరు. ఆయన ఒప్పుకుంటే పొద్దుటి నిద్రా దక్కుతుంది, బంధుత్వమూ దక్కుతుంది. ఒప్పుకోకపోతే మొదటి దారికో రెండో దారికో మళ్ళీ రావలసిందే.

ఏది చేసినా ఏప్రిల్ లోపు చేయండి. ఏప్రిల్‌లో ఏడో తరగతి మొదలవుతుంది, ఎండలు ముదిరితే ఉదయం బడి పెడతారు. ఉదయం బడి రోజుల్లో రాత్రి పదిన్నర పడక అంటే ఇక చెప్పనక్కరలేదు.

పాతపట్నం గురించి. మీ అమ్మగారి ప్రేమని తప్పుపట్టను, పొలిమేర దాటితే వచ్చే ఊరే. తెలుగులో పాఠం విన్న రోజున వాడి ముఖం విప్పారుతుంది కూడా. కానీ రాష్ట్రం మారితే పుస్తకాలూ పరీక్షలూ మారతాయి, ఆరేళ్ళుగా పట్టిన ఒడియా చేయి జారుతుంది. మీ ఇల్లూ దుకాణమూ ఒడిశాలో ఉన్నాయి. రేపు వాడు ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్ళాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలన్నది నిబంధన. వీటన్నిటికంటే ముందు, నెమ్మదిగా రాస్తున్నందుకు తనని ఇంట్లోంచి పంపేశారని వాడు అనుకుంటాడు. మేనమామ ఇల్లు ఎంత బంగారమైనా ఆ అనుకోవడం పోదు. సెలవులకి పంపండి. భాషలో చిక్కు ఏడో తరగతి చివరికీ అలాగే ఉంటే అప్పుడు మళ్ళీ ఆలోచించవచ్చు, వాణ్ణి కూర్చోబెట్టుకుని, వాడి మాట కూడా విని.

మూడు రాతలూ ఒకేలా ఈడ్చితే అన్నాను కదా. నిద్ర తీరినా, తెలుగులో కూడా అక్షరాలు తిరగబడుతున్నా, చదివిన వరస మళ్ళీ మళ్ళీ పోతున్నా, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది ఏదైనా ఉందేమో చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడి పిల్లలకి ఈ పరీక్షలు ఉచితం. బడికి వచ్చే ఆ బృందం గురించి గురుమాని అడగండి, జిల్లా ఆసుపత్రిలోనూ అడగవచ్చు. ఉందని తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లల్ని గుర్తిస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. మీ ఉత్తరం చదివితే నాకు అలా అనిపించలేదు. అయినా ఉత్తరం చూసి వైద్యం చెప్పకూడదు.

మీ ఆయన అన్న సోమరి మాట గురించి నా అనుభవం ఒకటి చెప్పనివ్వండి. చాలా ఏళ్ళ కిందట ఒక పిల్లవాడు రోజూ ప్రార్థన అయ్యాక వచ్చేవాడు. నేను రోజూ వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. తొమ్మిది వారాలు. ఒకరోజు వాడి వీధిలో పని పడి వెళ్తే, వీధి కుళాయి దగ్గర ఆరు బిందెలు వరసలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మకి జబ్బు. నన్ను చూసి వాడు సిగ్గుపడ్డాడు. పడవలసింది వాడు కాదు. ఈ ముక్క మీ ఆయనకి చదివి వినిపించండి, నేను చెప్పానని కూడా అనండి.

చివరగా చిన్నమ్మాయి. మూడో పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు: "చెల్లెలు ఎంత చురుకంటే, రాత్రి వాడి సంచి కూడా అదే సర్దుతుంది." ఎనిమిదేళ్ళ పిల్ల అన్నయ్య రుటీను కంఠతా పట్టిందన్నమాట. అందుకే వాడికి అవసరం పడలేదు. రేపటి నుంచి ఆ సంచి ముట్టుకోవద్దని ఆమెకి చెప్పండి. వాడు పుస్తకం మరిచిపోతే బడిలో ఒక మాట పడతాడు, పడనివ్వండి. ఆ పావుగంట ఆమెని ఆడుకోనివ్వండి.